తంగు బిగిస్తే కరవబోతోంది: ఎర్ర ఆడగుర్రంతో ఎలా వేగాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఆనందపురం దగ్గర. ఏడాది కిందట రాజస్థాన్ నుంచి మార్వారీ ఆడగుర్రాన్ని తెప్పించాం. ఏడేళ్ళది, సుమారు 400 కిలోలు ఉంటుంది. ఒళ్ళంతా రాగిరంగు, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లచార. జీను వేసి తంగు (జీనును కడుపు కింద నుంచి బిగించే పట్టీ) బిగించేసరికి చెవులు వెనక్కి పెట్టి కరవబోతుంది. కొన్ని రోజులు బుద్ధిగా ఉంటుంది, కొన్ని రోజులు పక్కన నిలబడినా చిర్రెత్తిపోతుంది. పొద్దున, సాయంత్రం రెండేసి కిలోల ఉలవలు ఉడికించి, కిలోన్నర తవుడు కలిపి పెడుతున్నాం. మధ్యాహ్నం ఒక మోపు సూపర్ నేపియర్ పచ్చగడ్డి. కరవబోతే సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) మూతి మీద రెండు తగిలిస్తాడు. మా అమ్మాయికి 14 ఏళ్ళు, స్వారీ అంటే ప్రాణం. చూసినవాళ్ళంతా "ఎర్ర గుర్రం, అందులోనూ ఆడది, ఎందుకొచ్చిన గొడవ, అమ్మేయండి" అంటున్నారు. నిజంగా రంగును బట్టి కోపం ఉంటుందా? అమ్మేయమంటారా?

సమాధానం: అమ్మే సంగతి ఓ ఆరు వారాలు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో గుర్రం రంగు కన్నా దాణా లెక్కే మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది. ముందు రంగు సంగతి చెప్పి దానికొస్తాం.

ఎర్ర రంగుకు కారణం ఎంసీ1ఆర్ అనే ఒక్క జన్యువు. తల్లి నుంచీ తండ్రి నుంచీ దాని ఎర్ర రూపమే వస్తే, వెంట్రుకల్లో నల్ల వర్ణకం తయారవదు, ఎరుపు మిగులుతుంది. అందుకే ఎర్ర గుర్రానికి ఎర్ర గుర్రాన్ని దాటిస్తే పిల్ల ఎర్రదే అవుతుంది. ఈ జన్యువు వల్లే కోపం వచ్చేటట్టయితే ఇంగ్లండులోని సఫోక్ పంచ్ జాతి గుర్రాల దగ్గరికి ఎవరూ పోలేరు. ఆ జాతిలో ప్రతి గుర్రమూ ఎర్రదే, తరతరాలుగా నాగలి లాగిన నెమ్మది జంతువులవి. ఆల్ప్స్ కొండల హాఫ్లింగర్లూ అన్నీ ఎర్రవే, వాటి మీద పిల్లలకు స్వారీ నేర్పుతారు. 2016లో ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాల యజమానులను ప్రశ్నలడిగి, ఎర్ర గుర్రాలనూ బే గుర్రాలనూ (గోధుమరంగు ఒళ్ళు, నల్లటి జూలు, తోక ఉన్నవి) పోల్చి చూశారు. ఎర్రవి ఎక్కువ పొగరుబోతులని తేలలేదు. కొత్త వస్తువులు, ఇతర జంతువులు కనబడితే దగ్గరికెళ్ళి చూసే చొరవ మాత్రం వాటిలో కాస్త ఎక్కువగా కనిపించింది.

మరి ఈ పేరెందుకు వచ్చింది? థరోబ్రెడ్, అరబ్బీ లాంటి చురుకైన జాతుల్లో ఎర్రవి చాలా ఉంటాయి. జాతికి ఉన్న వేడి రంగు ఖాతాలో పడింది. పైగా బే గుర్రం తన్నితే "గుర్రం తన్నింది" అంటారు, ఎర్రది తన్నితే "అనుకున్నాం, ఎర్రది కదా" అంటారు. సుడులు చూసి మంచిచెడ్డలు తేల్చడమూ ఇలాంటిదే. ఇక మార్వారీ విషయానికొస్తే, చుట్టూ జరిగేదంతా గమనిస్తూ, చటుక్కున స్పందించే జాతి అది. మీ గుర్రంలో సహజమైన చురుకుదనం ఉంటుంది, అది పోదు, పోవాలని కోరుకోకండి కూడా. మీరు రాసిన కరవబోవడం మాత్రం ఆ చురుకుదనం కాదు, వేరే.

ఓ నోటు పుస్తకం తీసుకుని రోజుకు రెండు వాక్యాలు రాయండి: చిరాకు ఎప్పుడు చూపింది, ఎక్కడ చెయ్యి పెడితే చూపింది. తేదీ, టైము, అప్పటికి దాణా తిని ఎంతసేపయింది, దగ్గర ఎవరున్నారు, ఇవన్నీ ఉండాలి. ఆరు వారాలంటే రెండు ఎద చక్రాలు దొర్లిపోతాయి. ప్రతిసారీ ఒకే చోట ముట్టుకున్నప్పుడు చిరాకు పడితే నొప్పిని అనుమానించాలి. మూడు వారాలకోసారి ఐదారు రోజులు పడితే ఎద. దాణా వేళకు పడితే ఆకలి, కడుపు మంట. ఒక మనిషిని చూస్తేనే పడితే ఆ మనిషి చెయ్యి. తంగు బిగించేటప్పుడు అని మీరే రాశారు కాబట్టి మా అనుమానం ముందు నొప్పి మీదికే పోతోంది.

ఇక దాణా. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. గడ్డి నములుతుంటే వచ్చే లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మీ గుర్రం పూటకు మూడున్నర కిలోల దాణా గబగబా మింగేసి, మధ్యలో గంటల తరబడి ఖాళీ కడుపుతో నిలబడుతోంది. దానికి తోడు ఖాళీ కడుపుతో పరుగెత్తిస్తే లోపలి ఆమ్లం ఎగిరి, రక్షణ పొర లేని పైభాగానికి తగులుతుంది. అలా పుండ్లు పడతాయి. పుండ్లున్న గుర్రం తంగు బిగిస్తే కరవడం, కడుపు కింద దువ్వుతుంటే కాలు విసరడం, దాణా సగంలో వదిలేసి మళ్ళీ రావడం చేస్తుంటుంది.

రెండో సమస్య కాల్షియం. తవుడులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి మేతలోని కాల్షియంను పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఆవుకు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆక్సలేటును విరగ్గొట్టేస్తాయి కాబట్టి పాడి రైతుకు నేపియర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. గుర్రానికి ఆ పొట్ట లేదు. నెలల తరబడి ఈ రెండూ కలిపి పెడితే ఒళ్ళు తన ఎముకల్లోని కాల్షియంను లాక్కుంటుంది. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటడం, బిగుసుకుపోయి నడవడం, ముదిరితే దవడ, ముఖం ఎముకలు ఉబ్బడం కనిపిస్తాయి. కీళ్ళ నొప్పులతో ఉన్న గుర్రాన్ని ముట్టుకుంటే కోపం రాకేం చేస్తుంది?

మార్చాల్సింది ఇలా. మేత గుర్రం బరువులో రోజుకు కనీసం నూటికి ఒకటిన్నర వంతు, వీలైతే రెండు వంతులు ఉండాలి. 400 కిలోలకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి అన్నమాట. ఎండు గరిక, రోడ్స్ గడ్డి దొరికితే మేలు. వరిగడ్డి ఒక్కటే కడుపు నింపడానికి వేయకండి, బలం తక్కువ, పైగా పేగులో అడ్డుపడి కడుపునొప్పి తెస్తుంది. గడ్డిని నాలుగైదు సార్లుగా, చిన్న కన్నుల వలలో వేలాడదీసి పెట్టండి. పెద్ద మోపు రాత్రికి ఉంచండి, ఎందుకంటే పొడవైన ఖాళీ అదే. ఎండు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) ఓ కిలో దొరికితే కాల్షియం అందుతుంది, కడుపు మంటకూ మంచిది. దొరక్కపోతే ఎండబెట్టిన వేరుశనగ తీగ వేయొచ్చు, కానీ బూజు ముక్క ఒక్కటి కనబడ్డా మోపు మొత్తం పారేయండి, మట్టి దులపకుండా వేయకండి. ఉలవలు రోజు మొత్తానికి కిలో, రెండు పూటలుగా చాలు. ఏ పూటా గింజ దాణా రెండు కిలోలు దాటకూడదు, ఈ బరువు గుర్రానికి అది పై హద్దు. తవుడు మాన్పించండి. నేపియర్‌ను క్రమంగా తగ్గించి గరిక పచ్చగడ్డికి మారండి. డాక్టరును అడిగి దాణాకు వాడే సున్నపురాయి పొడి రోజుకు 30, 40 గ్రాములు కలపండి. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) వద్దు, అందులో మళ్ళీ భాస్వరమే వస్తుంది. ఉప్పు 30 గ్రాములు, చెమటపట్టే రోజుల్లో ఇంకాస్త. ఈ మార్పు అంతా పది రోజుల్లో, కొంచెం కొంచెంగా చేయాలి. ఒక్కరోజులో మార్చేస్తే కడుపునొప్పి తెచ్చినవాళ్ళవుతారు.

ఒక హెచ్చరిక. మీ చుట్టుపక్కల పాడి, కోళ్ళ ఫారాలు ఉండే ఉంటాయి. వాళ్ళ బస్తా దాణా మిగిలింది కదా అని గుర్రానికి పెట్టకండి. కోళ్ళ దాణాలోనూ కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. అవి గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి, కొంచెమైనా ప్రాణం తీయగలవు.

పుండ్లను కచ్చితంగా తేల్చాలంటే మూడు మీటర్ల పొడవున్న కెమెరా గొట్టం కడుపులోకి దింపి చూడాలి. అది అన్నిచోట్లా ఉండదు. అందుకే చాలామంది డాక్టర్లు కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఓమెప్రజోల్ మందు ఇచ్చి గుణం చూస్తారు. కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల చొప్పున, మీ గుర్రానికి రోజుకు 1,600 మిల్లీగ్రాములు, పొద్దున ఖాళీ కడుపున, మేతకు అరగంట నుంచి గంట ముందు, 28 రోజులు. మనుషుల 20 మిల్లీగ్రాముల గోళీలతో ఈ లెక్క రావాలంటే 80 కావాలి. మందుల షాపులో కొని సొంతంగా చేసే వైద్యం కాదిది. రెండు వారాలకే తంగు దగ్గర గొడవ తగ్గితే అనుమానం నిజమైనట్టే. మేత మార్చకుండా మందొక్కటే వాడితే మాత్రం ఆపిన నెలకే మళ్ళీ మొదటికొస్తుంది. స్వారీకి అరగంట ముందు ఓ కిలో గడ్డి తినిపించడం ఇకపై అలవాటు చేసుకోండి. నొప్పులకని ఫినైల్‌బ్యూటజోన్ అదేపనిగా వాడుతుంటే అదే పుండ్లు తెస్తుందని డాక్టరుకు గుర్తుచేయండి.

డాక్టరు వచ్చినప్పుడే దంతాలు చూపించండి. పై దవడ బయటి అంచు, కింది దవడ లోపలి అంచు పదునెక్కి బుగ్గనూ నాలుకనూ కోస్తుంటాయి, ఏడాదికోసారి రాపించాలి. జంతువు ఏడాది కిందటే వచ్చింది కాబట్టి గ్లాండర్స్ (గుర్రాల నుంచి మనుషులకూ సోకే అంటువ్యాధి) పరీక్ష జరిగిందో లేదో కాగితాలు చూడండి. బరువు తగ్గుతూ అప్పుడప్పుడూ జ్వరం వస్తుంటే సర్రా అనే జబ్బుకు రక్తపరీక్ష అడగండి, జోరీగలు మోసే రక్తపరాన్నజీవి వల్ల వస్తుందది. మన దగ్గర పశువైద్యులు ఎక్కువగా ఆవులు, గేదెలనే చూస్తారు. గుర్రాలతో పని చేసినవారు ఎవరున్నారో విశాఖలోని ప్రభుత్వ పశువైద్యశాలలోనో, గరివిడి పశువైద్య కళాశాలలోనో అడగడం మంచిది.

జీనును మీరే పరీక్షించుకోవచ్చు. కింద గుడ్డ లేకుండా జీను పెట్టి, మూపు మీద రెండు మూడు వేళ్ళ సందు ఉందో లేదో చూడండి. భుజం ఎముక వెనక అరచెయ్యి చాపి జీను కిందికి దూర్చండి, ఎక్కడైనా వేళ్ళు నలిగితే గుర్రం కండరమూ అక్కడే నలుగుతోందని లెక్క. స్వారీ అయ్యాక చెమట చూడండి: చుట్టూ తడిసి మధ్యలో అరచేతంత పొడిగా ఉంటే, ఆ చోట జీను నొక్కేస్తోంది. వెన్నులో మధ్య గాడి మాత్రం పొడిగా ఉండాలి, అది మామూలే.

ఇప్పుడు తంగు. ఇద్దరు కావాలి, ఇద్దరూ ఒకే వైపు, అంటే ఎడమ వైపే ఉండాలి. పగ్గం పట్టుకున్న మనిషి అవతలి వైపు నిలబడితే, గుర్రం తిరిగినప్పుడు తల అటు లాగి, వెనక కాళ్ళు జీను వేసేవాడి మీదికి తిప్పేస్తాడు. ఒకే వైపు ఉంటే తల తమ వైపు లాగగానే వెనక భాగం దూరంగా పోతుంది. గుర్రాన్ని గోడకు బిగించి కట్టొద్దు. తంగు ముందుకాలి మోచేయికి నాలుగు వేళ్ళు వెనక పడాలి. మొదటిసారి ఒంటికి తాకేంత మాత్రమే పెట్టి, ఇరవై అడుగులు నడిపించండి. ఒక కన్నం బిగించండి, మళ్ళీ నడిపించండి. అప్పుడు ముందుకాళ్ళు ఒక్కొక్కటిగా ముందుకు చాపించండి, తంగు కింద చిక్కుకున్న చర్మం మడత విడిపోతుంది. ఆ మడత పట్టుకుంటే మనకే ప్రాణం పోతుంది, చూడండి. ఆ తర్వాతే ఆఖరి కన్నం, రెండు వేళ్ళు దూరేంత. ఎక్కబోయే ముందు మరోసారి చూసుకోండి.

జీనును దూరం నుంచి చూడగానే చెవులు వెనక్కి పెడుతుంటే, నొప్పి పోయినా దాని జ్ఞాపకం పోలేదని అర్థం. జీను చేతిలో పట్టుకుని పక్కన నిలబడండి, చెవులు ముందుకు వచ్చిన ఆ క్షణంలోనే జీనుతో వెనక్కి తగ్గండి. రోజుకు పది నిమిషాలు, బాగున్న చోటే ఆపేయాలి. బహుమతి బెల్లం ముక్క మీ చేత్తో పెట్టకండి, కరిచే గుర్రానికి బకెట్లోనే.

మీ సైసు చేసే పని వెంటనే మాన్పించండి. కరవబోయిన రెండు మూడు సెకన్ల తర్వాత పడ్డ దెబ్బ దేనికో గుర్రానికి తెలియదు. చెయ్యి కనబడితే తల ఎగరేయడం, కరిచి పారిపోవడం మాత్రం నేర్చుకుంటుంది. చెవులు వెనక్కి పెట్టినప్పుడే హెచ్చరికగా తీసుకోవాలి. ఆ హెచ్చరికను కొట్టి మాన్పిస్తే హెచ్చరించకుండానే కరుస్తుంది. పని చేస్తూ మోచేయి పక్కకు పెట్టుకుని ఉండమనండి, మూతి తిప్పితే మోచేయి దానంతటదే తగులుతుంది, ఎవరూ కొట్టినట్టుండదు. వెనక నుంచి దాటేటప్పుడు తుంటి మీద చెయ్యేసి ఆనుకుని దాటాలి, లేదా మూడు నాలుగు మీటర్లు దూరంగా పోవాలి. మధ్య దూరంలోనే తన్ను పూర్తి బలంతో తగులుతుంది.

"కొన్ని రోజులు బుద్ధిగా, కొన్ని రోజులు కాదు" అన్నది ఎద కావచ్చు. చక్రం 21, 22 రోజులది, అందులో ఎద 5 నుంచి 7 రోజులు. తోక ఎత్తడం, కొంచెం కొంచెంగా మూత్రం పోయడం, కీచుమనడం, డొక్క మీద కాలు తగిలితే ఉలిక్కిపడడం చూస్తారు. ఆడగుర్రాలకు పగలు పొడవైన కాలంలో ఎద వస్తుంది, చలిదేశాల్లో శీతకాలంలో ఆగిపోతుంది. విశాఖలో పగలు శీతకాలంలోనూ 11 గంటల దాకా ఉంటుంది, అందుకని డిసెంబరులో ఎద కనిపించినా ఆశ్చర్యపోకండి. ఆ వారంలో కొత్త పాఠాలు పెట్టకండి, మామూలు నడక చాలు. మరీ ఇబ్బందైతే ఎదను ఆపే ఆల్ట్రెనోజెస్ట్ అనే హార్మోను మందు డాక్టరు రాయగలరు. అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, కాబట్టి మీ అమ్మాయీ ఇంట్లో ఆడవాళ్ళూ ఆ సీసా ముట్టుకోకుండా చూడాలి. మగవాళ్ళైనా గ్లవుజులు వేసుకోవాలి. గర్భసంచిలో గాజుగోళీ పెట్టించమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు, పనిచేస్తుందన్న నమ్మకం లేదు, లోపల పగిలిన సందర్భాలున్నాయి. ఒక ఈత ఈనితే నెమ్మదిస్తుందన్నదీ లెక్కలేని మాటే, పైగా 11 నెలల చూలు. ఎద ఆగకుండా కనిపిస్తున్నా, మగగుర్రంలా ఇతర గుర్రాల మీదికి ఎగబడుతున్నా అండాశయంలో కణితి ఉందేమో స్కానింగులో చూడాలి.

మన ఊరి ఉక్కపోత కూడా కోపంలో పాలు పంచుకుంటుంది. తడి గాలిలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కొన్ని గుర్రాలకు ఇలాంటిచోట చెమట పట్టడమే ఆగిపోతుంది: పని చేశాక ఒళ్ళు పొడిగా, ముక్కుపుటాలు ఎగరేస్తూ నిలబడితే వెంటనే నీళ్ళు పోసి డాక్టరును పిలవండి. వేసవిలో స్వారీ పొద్దున ఏడు లోపే ముగించాలి. నీళ్ళు ఎండాకాలం రోజుకు 40 లీటర్ల పైమాట. తీరం దగ్గరి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తాగడం తగ్గించేస్తుంది, ఒకసారి పరీక్ష చేయించండి. ఇసుక నేల మీద మేత వేస్తుంటే గుప్పెడు లద్దెను గాజు సీసాలో నీళ్ళతో కలిపి పావుగంట ఆగండి, అడుగున ఇసుక పేరుకుంటే అది పేగుల్లో చేరుతోందన్నమాట. తెల్లచార కింద చర్మం గులాబీ రంగులో ఉంటుంది, ఎండకు కమిలిపోతుంది, అక్కడ జింక్ పూత రాయండి. రోజంతా శాలలో నిలబెట్టి సాయంత్రం గంట సేపు స్వారీ అంటే ఏ గుర్రమైనా పొగరుగానే ఉంటుంది. పావు ఎకరం ఖాళీ స్థలం, ముళ్ళతీగ లేని కంచె, నాలుగైదు గంటలు వదిలేయడం, తోడుగా ఇంకో గుర్రం లేకపోతే కనీసం ఓ మేక ఉంటే మంచిది.

దీపావళికి టపాసులు మొదలవకముందే శాలలో దీపం వేసి, వల నిండా గడ్డి పెట్టి ఉంచండి. నిద్రమత్తు మందు కావాలంటే ముందే ఇప్పించాలి, బెదిరాక ఇస్తే సరిగ్గా పట్టదు. విశాఖలో నేవీ విన్యాసాలు ఉన్నప్పుడు వాటికి ముందు కొద్ది రోజులు విమానాల రిహార్సల్స్ ఉంటాయి, ఆ రోజుల్లో బీచ్ రోడ్డు వైపు స్వారీకి తీసుకెళ్ళొద్దు.

ఆరు వారాలయ్యాక, నొప్పులన్నీ తీరాక కూడా కంచె లోపల ఉన్న మనిషి మీదికి కావాలని పరుగెత్తుకొస్తుంటే, ముందుకాళ్ళెత్తి వెనక్కి పడిపోయేలా లేస్తుంటే, ఇంట్లో చిన్నపిల్ల ఉండగా ఉంచకండి. అనుభవమున్న వాళ్ళకు, కరుస్తుందన్న సంగతి దాచకుండా చెప్పి అమ్మండి. బీచ్‌లో సవారీలు తిప్పేవాళ్ళకో, పెళ్ళి ఊరేగింపు బ్యాండు వాళ్ళకో మాత్రం ఇవ్వకండి, జనం మధ్య ఎవరో ఒకరు దెబ్బ తింటారు.

మీ అమ్మాయి మొదటి నెల జీను ఎక్కకుండా కింద నుంచే పని చేయాలి: దువ్వడం, నడిపించడం, ఆపడం, వెనక్కి జరపడం, పావుగంట చొప్పున. వదులు చేయడమే గుర్రానికి అర్థమయ్యే మాట, కాబట్టి అది ఒక్క అడుగు వేయగానే పగ్గం వదులు చేయడం నేర్చుకోవాలి. పగ్గం చేతికి చుట్టుకోకూడదు. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేకుండా శాలలోకే వెళ్ళకూడదు, పెద్దవాళ్ళు లేనప్పుడు అసలే వెళ్ళకూడదు. ఆ నెల గడిచాక, వరసగా పది రోజులు తంగు గొడవ లేకుండా బిగించనిస్తే, పదకొండో రోజున మీరు పగ్గం పట్టుకుని, నడక మీద ఇరవై నిమిషాలు ఎక్కించండి. ఆ మొదటి స్వారీ ఎద వారంలో పడకుండా పుస్తకం చూసి పెట్టుకోండి.